చిమ్నీ మీద పొగ

పటాన్‌చెరు కంపెనీల గేట్ల ముందు నేను స్టూలు వేసుకుని కూర్చోగానే సెక్యూరిటీ వాళ్లకు రెండే అనుమానాలు వస్తాయి. ఈమె పొల్యూషన్ బోర్డు నుంచైనా వచ్చి ఉండాలి, లేదా ప్లాట్ల బ్రోకరైనా అయి ఉండాలి. అరవై దాటిన ఆడమనిషి, నెత్తిన టోపీ, ఒళ్లో అట్ట, చేతిలో బ్రష్షు. ఇన్ని కనిపిస్తున్నా బొమ్మ వేసుకోవడానికి వచ్చిందని ఒక్కరికీ తోచదు. వాళ్లను అనీ లాభం లేదు. ఈ షెడ్లనూ ట్యాంకులనూ చూడటానికి పనిగట్టుకుని ఎవరొస్తారు?

ఒకసారి ఒక మందుల కంపెనీ దగ్గర సెక్యూరిటీ ఆయన చాలాసేపు నా వెనక నిలబడి చూసి, ఇక ఉండబట్టలేక నోరు విప్పాడు.

"మేడమ్, బొమ్మ మంచిగున్నది. గని జెర ఆ పొగ వెయ్యకుండ్రి."

"వస్తోంది కదయ్యా పొగ?"

"అస్తది మేడమ్. అస్తే రానియ్యుండ్రి. మీరైతే వెయ్యకుండ్రి. ఎవలన్న సూస్తే మా సార్లు నన్ను పరేషాన్ చేస్తరు."

నేను మొండిదాన్ని. వేస్తానన్నాను. అతను లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, సరిగ్గా నాకూ చిమ్నీకీ అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. అతన్ని కూడా బొమ్మలో వేసేశాను. చివరికి చూస్తే పొగ అతని టోపీలోంచి వస్తున్నట్టు పడింది. ఇంటికొచ్చాక ఆ బొమ్మ చూసుకుని ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. నవ్వు ఆగాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించి టీవీ పెట్టాను.

బీరంగూడలో నాది రెండు గదుల ఫ్లాటు. పెళ్లి చేసుకోలేదు. నాన్న పోయారు, ఆ తర్వాత అమ్మ పోయింది. తోబుట్టువులు లేరు. బొమ్మలన్నీ గోడకు ఆనించి, ముఖాలు గోడవైపు తిప్పి పెట్టాను. ఎదురుగా ఉంటే ఎవరికైనా చూపించాలనిపిస్తుంది, చూపించడానికి ఎవరూ ఉండరు. పక్క ఫ్లాటు అమ్మాయి ఒకసారి పాలు అడగడానికి వచ్చి నాలుగు బొమ్మలు తిప్పి చూసింది. "దేవుడి బొమ్మలు వెయ్యరా ఆంటీ?" అనడిగి పాలు తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నేను పుట్టింది విశాఖపట్నంలో, హార్బరుకు దగ్గరగా. నాన్న అక్కడ క్రేన్లు బాగుచేసేవారు. ఇక్కడి పెద్ద ప్లాంటులో ఉద్యోగం దొరికిందని మమ్మల్ని తీసుకొచ్చేసినప్పుడు నేను బాగా చిన్నదాన్ని. అందరూ పిల్ల సముద్రం కోసం ఏడుస్తోందనుకున్నారు. నా బెంగ సముద్రం మీద కాదు, క్రేన్ల మీద. ఇక్కడ ప్లాంటు సైరన్ మోగితే ఓడ వచ్చిందని మంచం మీద లేచి కూర్చునేదాన్నట. కొన్నాళ్లకు చిమ్నీలు, నీళ్ల ట్యాంకులు, వెండిరంగు ఆవిరి గొట్టాలు అలవాటై, క్రేన్లు లేని లోటు కొంత తీరింది. చూడగానే చేతికి గీయాలనిపించేవి నాకు ఇప్పటికీ అవే.

బడిలో డ్రాయింగ్ టీచరుగా పని చేసి రిటైరయ్యాను. పిల్లల్ని సీనరీ వేయమంటే అందరూ ఒకటే వేసేవాళ్లు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. క్లాసు కిటికీలోంచి చూస్తే కనిపించేది కంపెనీ బస్సులు, ట్యాంకర్లు, ఎర్రా తెల్లా పట్టీల చిమ్నీ. "ఏదిరా కొబ్బరిచెట్టు, పద, నాకు చూపించు" అని అరిచేదాన్ని. చూడంది వేయొద్దు అని బోర్డు మీద రాసి ఉంచేదాన్ని. పిల్లలు నాకు చూడంది టీచరు అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు తెలుసని వాళ్లకు తెలియదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, లేని పొగ వేయమని నన్ను ఒక మనిషి అడిగింది.

సెక్యూరిటీ వాళ్లతో విసిగిపోయి నేను ఒక మూతబడిన కంపెనీ దగ్గర చోటు వెతుక్కున్నాను. హైవే దిగి కొంచెం లోపలికి వెళితే వస్తుంది. గేటుకు తుప్పు, లోపల మనిషెత్తు పిచ్చిమొక్కలు. ఒకే ఒక్క వాచ్‌మన్, అతనూ ఎప్పుడు చూసినా నిద్రలోనే ఉండేవాడు. ప్రహరీ గోడ పక్కన కానుగ చెట్టు ఉంది. దాని కింద కూర్చుంటే బాయిలర్ షెడ్డు, దాని వెనక పొడుగాటి చిమ్నీ బాగా కనిపిస్తాయి. పొగ లేదు కాబట్టి పొగ గురించి తగువు లేదు. హాయిగా వేసుకోవచ్చనుకున్నాను.

మొదటి రోజే ఒకాయన వచ్చాడు. కంపెనీ నీలం యూనిఫారం, ఇస్త్రీ చెదరలేదు. కాళ్లకు బూట్లు, చేతిలో టిఫిన్ డబ్బా. నేరుగా వచ్చి గేటు ఎదురుగా ఉన్న కల్వర్టు గోడ మీద కూర్చుని, తలెత్తి చిమ్నీ వైపు చూస్తూ ఉండిపోయాడు. నన్ను పట్టించుకోలేదు. కాసేపటికి ఒకామె కొంగు నడుముకు దోపుకుని రొప్పుతూ వచ్చి, ఆయన్ని చూసి, హమ్మయ్య అనుకున్నట్టుగా నా చెట్టు కింద చతికిలపడింది.

"మీరేంది మేడమ్, సర్వేకు అచ్చిండ్రా?"

"కాదమ్మా. బొమ్మ వేసుకుంటున్నాను."

"గీ కంపెనీదా?" అని వంగి చూసింది. "అయ్యో, అచ్చం గట్లనే వేసినవ్ గదా."

అచ్చం అట్లాగే వేశానని నాతో ఎవరైనా అని ఎన్నేళ్లయిందో. నేను మంచినీళ్ల సీసా ఆమె చేతికిచ్చాను.

ఆయన ఆమె భర్త. ఆ కంపెనీలో బాయిలర్ ఆపరేటర్‌గా పని చేశాడు, కంపెనీ పెట్టినప్పటి నుంచి మూసేదాకా. మూసేశాక మొదట్లో మామూలుగానే ఉన్నాడట. తర్వాత మాట తగ్గింది, మతి కొంచెం అటూ ఇటూ అయింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే లేచి, స్నానం చేసి, యూనిఫారం వేసుకుని డ్యూటీకి బయల్దేరతాడు. కంపెనీ బంద్ అయిందని చెబితే, అవునవును అంటాడు. అని బూట్లు వేసుకుంటాడు.

"ఆపితే ఆగడు మేడమ్. దర్వాజ పెడితే దర్వాజ గుద్దుతడు. ఎన్కెన్క అస్తున్న. ఏం జేస్తం."

వాళ్ల ఊరు హైవేకు అవతల ఉంది. ఆయన రోజూ ఆ హైవే దాటి వస్తాడు. దాటడమంటే చుట్టూ తిరిగి రావడం కాదు, డివైడర్ మధ్య ఉన్న సందులోంచి నేరుగా రావడమే. అక్కడ ట్యాంకర్లు, కంటైనర్లు, బొంబాయి బస్సులు ఎట్లా వస్తాయో ఈ రోడ్డు ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. డ్యూటీకి ఆలస్యమవుతోందని ఆయన అటూ ఇటూ చూడకుండా దిగేస్తాడు. ఆమెకు ఉన్న భయమంతా ఆ నాలుగు అడుగుల గురించే. రోజూ రెండుసార్లు, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ.

ఆ తర్వాత నేను వేరే చోటికి పోనేలేదు. బొమ్మ పేరు చెప్పుకుని రోజూ అక్కడికే వెళ్లేదాన్ని. ఆమె జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తెచ్చేది. నేను ఫ్లాస్కులో టీ తెచ్చేదాన్ని. ఆయనకు ఒక గ్లాసు కల్వర్టు దగ్గరికి తీసుకెళ్లి ఇస్తే, చిమ్నీ మీంచి చూపు తిప్పకుండానే అందుకునేవాడు. కొన్నాళ్లకు ఆమె మేడమ్ అనడం మానేసి వదినె అని పిలవడం మొదలుపెట్టింది.

"నేను మీకు వదిన ఎట్లా అవుతానమ్మా?" అన్నాను నవ్వి.

"మా ఆయనకు అక్క లేదు. నీకు తమ్ముడు లేడంటివి. ఇగ ఎట్లయితవో నువ్వే సూస్కో."

ఆయనతో కూడా అక్కడికక్కడే చెప్పేసింది. "ఇగో, గీమె నీకు అక్క అయితది. యాది పెట్టుకో." ఆయన మొదటిసారి నా వైపు తిరిగి, కాసేపు చూసి, "తిన్నవా అక్కా?" అన్నాడు. తిన్నాను తమ్ముడూ అన్నాను. అంతే, మళ్లీ చిమ్నీ వైపు తిరిగిపోయాడు. నాకు మాత్రం ఆ పూటంతా బ్రష్షు సరిగ్గా నడవలేదు. ఇంటికెళుతూ షేర్ ఆటోలో కూర్చుని తమ్ముడూ, తమ్ముడూ అని లోపల్లోపల అనుకుంటున్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అనుకున్నాను కూడా.

ఆ కంపెనీ ఉన్న చోట ఆమె మామగారికి జొన్నచేను ఉండేదట. భూమి తీసుకుని ఇంటికొక నౌకరీ ఇచ్చారు. అలా ఆయన తన చేనులోనే బాయిలర్ దగ్గర నిలబడ్డాడు.

"కంపెనీలు అచ్చినంక మా బాయి నీళ్లు చెడిపాయె. మిగిలిన చెల్క పండకపాయె. ఆ పొగను నేను తిట్టని దినం లేదు వదినె. ఆరేసిన బట్టల మీద మసి పడుతుండె. మా ఆయన షిఫ్టు ఉన్న దినమే ఊరోళ్లంత బట్టలు పిండుకుందురు. ఇగ గా పొగనే మాకు బువ్వ పెట్టె. ఏమనాలె దాన్ని?"

ఊరి ఆడవాళ్లు బాయిలర్ ఆపరేటర్ షిఫ్టు కనుక్కుని బట్టలు ఉతుక్కోవడం నాకు భలే తమాషాగా అనిపించింది. నవ్వాను. దాని గురించి అంతకుమించి ఆలోచించలేదు.

బొమ్మ పూర్తి కావచ్చింది. షెడ్డు రేకులు, గొట్టాల మీద వెలిసిన వెండిరంగు, చిమ్నీ, దాని పైన ఖాళీ ఆకాశం. ఆకాశం వేయడానికి నాకు ఎక్కువ రోజులు పట్టింది. ఇక్కడి ఆకాశం నీలంగా ఉండదు, నీళ్లు ఎక్కువ పోసిన పాలరంగులో ఉంటుంది. అదొచ్చేదాకా కడుగుతూ కూర్చున్నాను. ఆమె పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ అంది.

"పొగ వెయ్యి వదినె."

"పొగ ఏదమ్మా?"

"లేదు. నువ్వు వెయ్యి. గీ బొమ్మ మా ఇంట్ల గోడకు పెడతా. పొగ లేస్తున్నది, కంపెనీ నడుస్తున్నదని ఇంట్లనే కూసుండి సూస్తడు. సడక్ దాటడు."

"నేను చూడంది వెయ్యను."

"ఒక్క జెర పొగకు ఏమయితది?"

"ఏమవుతుందో నాకు తెలీదు. వెయ్యను. ఆయన్ని బొమ్మతో మోసం చేయమంటావా?"

గట్టిగానే అన్నాను. నోరు జారాక ఇక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. ఆమె కోపం తెచ్చుకోలేదు. మూట విప్పి ఎప్పటిలాగే రొట్టె చేతిలో పెట్టి, "తిను" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు గుచ్చుకుంది. మా ఇంటి గోడల వైపు తిరిగి ఉన్న బొమ్మల్ని చూసి, ఇంతకాలానికి ఒకరు నా బొమ్మ కావాలన్నారు, నేను కాదన్నాను అనుకునేదాన్ని. మళ్లీ నా మొండితనమే గెలిచేది.

ఒక రోజు నేను హైవే దగ్గర ఆటో దిగుతుండగా అవతలి వైపు ఆయన కనిపించాడు. డివైడర్ సందులోంచి దిగాడు. తల ఇటు తిప్పలేదు. ఆసిడ్ ట్యాంకరు ఒకటి వస్తోంది. నేను కేకేశాను, ఆ రొదలో నా కేక నాకే వినబడలేదు. బ్రేకులు కీచుమన్నాయి. ట్యాంకరు ముందు భాగం ఆయన భుజానికి బెత్తెడు దూరంలో ఆగింది. చేతిలోని డబ్బా ఎగిరిపడి, మూత ఊడి, అన్నం రోడ్డు మీద చెదిరిపోయింది.

"మర్‌నా హై క్యా చాచా?" అని డ్రైవరు పైనుంచి అరుస్తున్నాడు.

ఆయనకు ఏమీ పట్టలేదు. నడిచి ఇవతలికి వచ్చి, నన్ను చూసి, "యాళ్లయింది అక్కా" అని ముందుకు పోయాడు. ఆమె వెనక వచ్చింది. అంతా చూసే ఉంటుంది. డివైడర్ మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. బండ్లు కాస్త తగ్గాక లేచి, డబ్బా తీసుకుని, మూత కోసం వెతికి, అదీ తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇగ నాతోని కాదు వదినె" అంది.

"వేస్తాను" అన్నాను.

పాత బొమ్మ మీద వేయడానికి చేతులు రాలేదు. ఇంట్లో భోజనాల బల్ల మీద కొత్త కాగితం పరచి, దాన్నే మళ్లీ వేశాను, పొగతో. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ పొగ వేస్తుంటే నాకు మహా ఆనందం వేసింది. ఇన్నాళ్లూ ఉన్నంత వరకే వేసిన చెయ్యి. ఇప్పుడు ఎంతైనా వేయొచ్చు. చిన్నప్పుడు హార్బరులో చూసిన ఓడల పొగలన్నీ గుర్తు చేసుకున్నాను. నలుపు, నీలిమందు, కొంచెం ఇటుకరంగు కలిపి, తడి కాగితం మీద వదిలితే సుడులు తిరుగుతూ ఆకాశం సగం దాకా పాకింది. నా జన్మలో అంత మంచి పొగ వేయలేదు. ఫ్రేము కట్టించాను. ఇక రోడ్డు దాటడు, ఇది చూసుకుంటూ కూర్చుంటాడు అని నమ్మాను.

ఆయన డ్యూటీ నుంచి ఇంటికి చేరాక, సాయంత్రం ఎండ ఉండగానే ఆటోలో వాళ్ల ఊరు వెళ్లాను. ముందు గదిలో నీలం సున్నం వేసిన గోడకు ఆమె అప్పటికే మేకు కొట్టించి ఉంచింది. ఆయన నులక మంచం మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. బొమ్మ తగిలించి మేమిద్దరం పక్కకు జరిగాం.

ఆయన తలెత్తి చూశాడు. ముఖం మాడిపోయింది.

"ఎవలున్నరు షిఫ్టుల?"

మేము ముఖముఖాలు చూసుకున్నాం.

"ఎవలున్నరు అంటున్న. ఏం పొగ అది? గాలి బందయింది. పొయ్యి సస్తున్నది."

ఆమె చెయ్యి పట్టుకోబోయేలోపు ఒక బూటు కాలితో, ఒక ఉత్తకాలితో ఉరికాడు. గుమ్మం దాటి, సందు దాటి, హైవే వైపే. ఆమె వెనక పరుగు, ఆమె వెనక నేను. నా మోకాళ్లు పరుగుకు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. అయినా ఎట్లా పరిగెత్తానో ఆ దేవుడికే తెలియాలి. రోడ్డు అంచున ఆమె ఆయన చొక్కా వెనక నుంచి దొరకబుచ్చుకుంది. కంపెనీ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ మా ముగ్గుర్నీ రాసుకున్నంత దగ్గరగా పోయింది.

ఆయన గింజుకున్నాడు. తర్వాత అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాడు. మగవాడు అలా వెక్కివెక్కి ఏడవడం నేను చూడలేదు.

"నా చిమ్నీ మీద గంత నల్ల పొగ ఎన్నడన్న సూసినవా అక్కా? ఎవలన్న సూసిండ్రా? నా ఇజ్జత్ తీసినవ్ గదా."

నాకు కోపం వచ్చింది. నేను ఎవరి మాట మీద, ఎవరి కోసం వేశాను? నా నియమం నేను మంట కలుపుకుని వేస్తే నాకే మాటా? ఆ కోపం గొంతు దాకా వచ్చి అక్కడ ఏడుపైపోయింది. నేనూ పక్కనే కూర్చున్నాను.

"ఎట్లా ఉండాలి తమ్ముడూ పొగ?" అనడిగాను.

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. నేనా సంగతి అడగడమే ఆయనకు ఊరటలా ఉంది. గొంతు నెమ్మదించింది.

"నల్లగ లేస్తే గాలి సాలుతలేదన్నట్టు. తెల్లగ లేస్తే గాలి ఎక్కువయిందన్నట్టు. మంచిగ కాలుతుంటే మీద ఏం కనబడది. గాలి జెర వణుకుతది, గంతే. నా షిఫ్టుల ఏం కనబడకపోతుండె."

ఆమె నుదురు కొట్టుకుంది. "బట్టలు పిండుకున్నదాన్ని, నాకన్న యాదికి రావద్దా?"

తిరుగు ప్రయాణంలో ఆ బొమ్మ ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏం కాలుతున్నది మేడమ్ గాడ?" అనడిగాడు. ఏమీ కాలడం లేదు, ముందు రోడ్డు చూడు అన్నాను. ఇంటికొచ్చి ఆ బొమ్మను ఫ్రేములోంచి తీసేశాను. మొదటి బొమ్మ గోడ వైపు తిరిగి ఉంది. ఇటు తిప్పాను. షెడ్డు, గొట్టాలు, చిమ్నీ. చిమ్నీ పైన పాలరంగు ఆకాశం తప్ప ఏమీ లేదు. కానుగ చెట్టు కింద నేను కళ్లతో చూసింది చూసినట్టు వేసిన బొమ్మ, చల్లారిపోయిన చిమ్నీ బొమ్మ. ఒక్క గీత మార్చలేదు. అదే ఫ్రేములో పెట్టి, తెల్లవారగానే ఆయన బయల్దేరే వేళకు ముందే తీసుకెళ్లాను.

ఆమెకు నమ్మకం లేదు. "మల్ల ఉరుకుతడేమో వదినె" అని గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఆయన యూనిఫారం వేసుకుని, బూట్ల తాళ్లు కట్టుకుని, డబ్బా అందుకుని లేచాడు. నేను బొమ్మ మేకుకు తగిలించాను.

ఆయన చాలాసేపు చూశాడు. దగ్గరికి వెళ్లి, చిమ్నీ పైన నేను అన్ని రోజులు కడిగిన ఆకాశం మీదికి వంగి, కళ్లు చికిలించి చూశాడు.

"పొద్దుగాల వేసినవా అక్కా?"

"అవును తమ్ముడూ, పొద్దున్నే."

"నా షిఫ్టే" అన్నాడు. ఇంకోసారి చూసి, "మంచిగ కాలుతున్నది" అన్నాడు.

డబ్బా మంచం మీద పెట్టి, పక్కన కూర్చున్నాడు. కూర్చుని బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయాడు. గుమ్మంలో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. చిమ్నీ చల్లగా ఉందని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం ఆ మాట అనలేదు.

ఆ రోజు నుంచి ఆయన రోడ్డు దాటలేదు. పొద్దున్నే తయారై బొమ్మ ముందు కూర్చుంటాడని, మధ్యాహ్నం అక్కడే డబ్బా తెరుచుకుని తింటాడని, షిఫ్టు అయ్యే వేళకు తనంతట తానే బూట్లు విప్పేస్తాడని ఆమె ఫోన్‌లో చెప్పింది. చాలా రోజులకు కంటి నిండా నిద్ర పోయానంది. నేను చాలా సంతోషించాను. నిజంగానే సంతోషించాను.

ఆ ఫోన్ వచ్చిన మర్నాడు నేను ఎప్పటిలా ఫ్లాస్కులో ముగ్గురికి సరిపడా టీ పోసుకుని కానుగ చెట్టు కిందికి వెళ్లాను. కల్వర్టు గోడ ఖాళీగా ఉంది. వాళ్లు ఇక రారని నాకు తెలుసు. రాకూడదనే కదా ఇంత చేసింది. అయినా కాసేపు దారి చూశాను. ఒక గ్లాసు నేను తాగి, ఒకటి వాచ్‌మన్‌ను నిద్రలేపి ఇచ్చి, మిగిలింది ఇంటికి పట్టుకెళ్లి పారబోశాను. ఆ పారబోసేటప్పుడు ఏడుపొచ్చింది. ఆయన ప్రాణం దక్కిందని సంబరపడాల్సింది పోయి తోడు పోయిందని ఏడుస్తున్నావా అని నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకున్నా ఆగలేదు.

అప్పుడప్పుడు వాళ్లింటికి వెళతాను. ఆయన డ్యూటీలో ఉంటాడు కాబట్టి మాట్లాడడు. చెయ్యెత్తి కూర్చోమంటాడు, అంతే. ఆమెకు ఇప్పుడు వెనకాల తిరిగే పని లేదు గనుక నాలుగిళ్ల అవతల కుట్టుపనికి పోతోంది. ఆమె లేనప్పుడు ఎవరో ఒకరు ఆయన్ని కనిపెట్టుకుని ఉంటారు. ఊరంతా చుట్టాలే వాళ్లకు. నేను టీ తాగి, నా బొమ్మను కాసేపు చూసుకుని వచ్చేస్తాను. నా బొమ్మల్లో ఎదుటి మనిషి వైపు తిరిగి ఉన్నది అదొక్కటే.

మొన్నీమధ్య ఆ కంపెనీ గేటు తీశారు. జేసీబీలు, కటింగ్ వాళ్లు దిగారు. అపార్ట్‌మెంట్లు వస్తాయట. కొల్లూరు దాకా లేచిన టవర్లు ఇక ఇటు కూడా లేస్తాయి. ముందు షెడ్డు రేకులు ఊడదీశారు, తర్వాత గొట్టాలు, తర్వాత చిమ్నీని ముక్కలు ముక్కలుగా కోసి లారీకి ఎక్కించారు. నేను రోజూ వెళ్లి ఉన్నది ఉన్నట్టు వేశాను. చిమ్నీ పొట్టిదవుతూ వచ్చి, ఒక పొద్దున పోయి చూస్తే లేదు. ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. "ఆయనకు చెప్పకు వదినె" అంది.

నిన్న మధ్యాహ్నం నేను అక్కడే స్టూలు మీద ఉండగా ఫోన్ మోగింది. ఆమె నంబరే, మాట్లాడింది ఆయన. ఇంతవరకు ఎప్పుడూ ఆయన నాకు ఫోన్ చేయలేదు.

"అక్కా, నువ్వు గాడనే కూసుంటవ్ గదా."

"ఇక్కడే ఉన్నాను తమ్ముడూ."

"జెర సూసి చెప్పు. చిమ్నీ మీద పొగ ఏమన్న లేస్తున్నదా?"

తలెత్తి చూశాను. చిమ్నీ ఉండాల్సిన చోట పాలరంగు ఆకాశం ఉంది. కింద చదును చేసిన నేల, దాని మీద ఒక జేసీబీ. నేను చూడంది చెప్పలేను.

"ఏమీ కనబడట్లేదు తమ్ముడూ."

"ఏం కనబడతలేదా?"

"లేదు. ఏమీ లేదు."

"అయితే మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం వినబడింది. ఇక పెట్టేస్తాడనుకున్నాను, పెట్టలేదు. "తిన్నవా అక్కా?" అన్నాడు.

పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఆ మాట అడిగే మనిషి ఈ లోకంలో నాకు ఇంకొకరు లేరు.

"తిన్నాను తమ్ముడూ" అన్నాను.